హెచ్చరిక ఆగితే తప్పు పోయినట్టేనా?

కామాఠిపురలో పాత చాల్‌కి నోటీసు వస్తే ఇంటింటా ఒకటే ప్రశ్న. బిల్డింగ్ నిజంగా పడిపోయేట్టుందా, కాగితం మీదే పడిపోతోందా? ముంబయిలో 30 ఏళ్లు దాటిన కట్టడాలకు స్ట్రక్చరల్ ఆడిట్ (కట్టడం బలాన్ని పరీక్షించడం) చేయించాలి. ఆడిట్ చేసిన ఇంజనీరు ఆ బిల్డింగ్‌ను సీ-1, సీ-2ఏ, సీ-2బీ, సీ-3 తరగతుల్లో ఒకదాంట్లో పెడతాడు. సీ-1 అంటే ఖాళీ చేసి కూల్చాలి. సీ-3 అంటే చిన్న మరమ్మతు చాలు. యజమాని తెచ్చిన రిపోర్టు కూల్చమంటుంది. కిరాయిదారులు తెచ్చిన రిపోర్టు రిపేరు చేస్తే నిలుస్తుందంటుంది. అప్పుడు రెండు రిపోర్టులూ నగరపాలిక టెక్నికల్ అడ్వయిజరీ కమిటీ ముందుకు వెళ్తాయి. అక్కడ తేలాల్సింది ఏ గోడ, ఏ దూలం, ఏ పరీక్ష, ఎంత కొలత అన్నది. పగులు మీద సిమెంటు పూసి సున్నం కొట్టిస్తే పగులు కనపడదు. కానీ దాన్ని రిపేరు అనలేం.

కంప్యూటర్ ప్రోగ్రాములకూ ఇలాంటి ఆడిట్ ఒకటుంది. దాని పేరు స్టాటిక్ అనాలిసిస్ (ప్రోగ్రాంను నడపకుండా, రాసిన కోడ్‌ను చదివి లోపాలు వెతికే పద్ధతి). ఆ ఆడిట్‌లోనూ లేని లోపాన్ని ఉన్నట్టు చెప్పే రిపోర్టులు వస్తాయి. అక్కడా పగులు మీద పూత పూసేవాళ్లుంటారు. ఆ పూతను ఎలా గుర్తుపట్టాలన్నదే ఈ వ్యాసం.

ఇది కామాఠిపుర పాఠకులకు దూరపు సంగతేమీ కాదు. తెలంగాణ పల్లెల నుంచి వలస వచ్చి బొంబాయి కట్టడాలకు రాళ్లు మోసిన కామాఠీల వల్లే ఆ పేటకు ఆ పేరు వచ్చింది. ఆ గల్లీల నుంచి, వర్లీ బీడీడీ చాళ్ల నుంచి, ప్రభాదేవి నుంచి కంప్యూటర్ చదువులు చదివిన పిల్లలు ఇవాళ సీప్జ్‌కీ పవాయ్‌కీ ఐరోలీకీ ఉద్యోగాలకు వెళ్తున్నారు. వాళ్లలో చాలామంది మొదట నేర్చుకునే పనుల్లో టూల్ ఇచ్చిన హెచ్చరికలు ఒక్కొక్కటిగా తీసెయ్యడం ఒకటి. చిన్న పనిలా కనిపిస్తుంది. ఎంత పెద్ద పనో చూద్దాం.

ముందు కెర్నల్ సంగతి. కెర్నల్ అంటే ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ. మెమరీ ఎవరికెంత ఇవ్వాలో, ఏ ప్రోగ్రాం ఎప్పుడు నడవాలో, డిస్కులో ఏది ఎక్కడ రాయాలో అదే నిర్ణయిస్తుంది. 1991లో లీనస్ టోర్వాల్డ్స్ మొదలుపెట్టిన లినక్స్ కెర్నల్ ఇప్పుడు ఆండ్రాయిడ్ ఫోన్లన్నిటిలోనూ, ఇంటర్నెట్ సర్వర్లలో అధిక భాగంలోనూ నడుస్తోంది. దాని కోడ్ నాలుగు కోట్ల పంక్తుల దరిదాపుల్లో ఉంది. రెండు రెండున్నర నెలలకొక కొత్త వెర్షన్ వస్తుంది. మార్పు చేయాలనుకున్నవాళ్లు ప్యాచ్ (ఏ పంక్తి తీసేసి ఏ పంక్తి పెట్టాలో చెప్పే చిన్న పత్రం) రాసి ఈమెయిల్‌లో పంపుతారు. ఆ భాగాన్ని చూసుకునే మెయింటైనర్, ఇతర రివ్యూయర్లు చదివి, ప్రశ్నలడిగి, నచ్చితే తీసుకుంటారు. కెర్నల్‌లో ఒక పంక్తి తప్పితే ఒక ప్రోగ్రాంతో పోదు. మొత్తం యంత్రమే ఆగవచ్చు, లేదా పరాయివాడి చేతికి చిక్కవచ్చు.

ఇంత కోడ్‌ను మనుషులే చదివి లోపాలు పట్టడం అయ్యే పని కాదు. అందుకే టూల్స్ వచ్చాయి. టోర్వాల్డ్స్ 2003లో స్పార్స్ అనే టూల్ రాశాడు. డాన్ కార్పెంటర్ స్మ్యాచ్ రాశాడు. జూలియా లావాల్ బృందం కాక్సినెల్ తయారుచేసింది. స్టాన్‌ఫర్డ్‌లో డాసన్ ఎంగ్లర్ బృందం పరిశోధన నుంచి కవరిటీ పుట్టింది. ఇవికాక, కోడ్‌ను యంత్రభాషలోకి మార్చే కంపైలర్లు జీసీసీ, క్లాంగ్ కూడా హెచ్చరికలు ఇస్తాయి.

ఈ టూల్స్ లేని లోపాన్ని ఎందుకు చూపుతాయి? ఒక ఉదాహరణ తీసుకుందాం. ఒక ఫంక్షన్‌లో పైన ఇలా ఉంది: పరికరం దొరికితే దాని చిరునామా ఒక గడిలో రాయి. ఇరవై పంక్తుల కింద ఇలా ఉంది: పరికరం దొరికి ఉంటే ఆ గడిలోని చిరునామా వాడు. చదివే మనిషికి ఇవి ఒకే షరతని తెలుస్తుంది. దొరికితే రాశాం, దొరికితేనే వాడాం, తప్పేమీ లేదు. టూల్ మాత్రం రెండు షరతులనూ విడివిడిగా చూస్తుంది. రెండు షరతులంటే నాలుగు దారులు. అందులో ఒకటి, పైన దొరకలేదు, కింద దొరికింది అనే దారి. నిజంలో ఆ దారి లేదు. టూల్‌కు ఆ సంగతి తెలియదు. ఏమీ రాయని గడిని వాడుతున్నారని హెచ్చరిస్తుంది. దీన్నే ఫాల్స్ పాజిటివ్ (లేని లోపాన్ని ఉన్నట్టు చూపిన హెచ్చరిక) అంటారు.

టూల్‌కు మరికాస్త తెలివి నేర్పితే సరిపోతుంది కదా అనిపిస్తుంది. కొంతవరకు నేర్పవచ్చు. ఈ శాస్త్రానికి ముంబయిలోనే మంచి చిరునామా ఉంది. పవాయ్‌లోని ఐఐటీ బాంబేకు చెందిన ఉదయ్ ఖేడ్కర్, అమితాభ సన్యాల్, బాగేశ్రీ కర్కరే డేటా ఫ్లో అనాలిసిస్ (కోడ్‌లో విలువలు ఎక్కడి నుంచి ఎక్కడికి చేరతాయో లెక్కగట్టడం) మీద రాసిన పుస్తకం 2009లో వెలువడింది. అయితే పూర్తిగా నేర్పడం కుదరదు. హెన్రీ రైస్ 1953లోనే దీన్ని గణితంగా నిరూపించాడు. ఏ ప్రోగ్రాం ఇచ్చినా దాని నడవడి గురించి ఎప్పుడూ సరైన జవాబే చెప్పే టూల్ ఉండదు. కాబట్టి టూల్ కొన్ని లోపాలైనా వదిలేస్తుంది, కొన్ని లేనివైనా చూపుతుంది. ఏది ఎంత అన్నదే టూల్ రాసేవాడి చేతిలో ఉంది.

తప్పుడు హెచ్చరికలను అలాగే వదిలేస్తే వచ్చే నష్టం కూడా తక్కువది కాదు. కవరిటీ బృందం తమ అనుభవాన్ని 2010లో ఒక వ్యాసంగా రాసింది. తప్పుడు హెచ్చరికలు నూటికి 30 దాటితే ఇబ్బందులు మొదలవుతాయని, జనం టూల్‌నే పట్టించుకోవడం మానేస్తారని అందులో చెప్పింది. వెయ్యి హెచ్చరికల కుప్పలో ఒక నిజమైన లోపం దాగుంటే ఎవరికీ కనపడదు. అందుకే తప్పుడు హెచ్చరికలు తీసెయ్యాలనుకోవడం న్యాయమైన కోరికే. తీసే పద్ధతిలోనే ఉంది చిక్కంతా.

పై ఉదాహరణకే తిరిగి వద్దాం. ఆ హెచ్చరికను ఆపడానికి నాలుగు దారులున్నాయి. ఒకటి, గడిలో మొదటే సున్నా రాసిపెట్టడం. రెండు, కంపైలర్ కళ్లు కప్పే మంత్రం ఏదో వాడటం. మూడు, రెండు షరతులనూ కలిపి ఒకే చోట రాయడం. నాలుగు, కోడ్ జోలికి పోకుండా టూల్ పట్టికలోనే ఇది తప్పుడు హెచ్చరిక అని గుర్తుపెట్టడం. నాలుగింటిలో ఏది చేసినా హెచ్చరిక ఆగుతుంది. కోడ్‌కు జరిగేది మాత్రం నాలుగు రకాలు.

సున్నా రాయడం అమాయకంగా కనిపిస్తుంది. రెండేళ్ల తర్వాత మరొకరు వచ్చి ఆ ఫంక్షన్‌లో కొత్త దారి కలిపారనుకోండి. ఆ దారిలో గడిని నింపడం మరిచిపోయారు. అంతకుముందైతే కంపైలర్ అరిచేది. ఇప్పుడు అరవదు, గడిలో సున్నా ఉంది కదా. యంత్రం ఆ సున్నానే చిరునామా అనుకుని వాడుతుంది. నేటి తప్పుడు హెచ్చరికను ఆపబోయి రేపటి నిజమైన హెచ్చరికను కూడా ఆపేశాం.

రెండో దారి లినక్స్‌లో చాలాకాలం అమల్లో ఉంది. గడికి దాని విలువనే మళ్లీ రాసినట్టు నటించే ఒక మాక్రో (కోడ్‌లో పదే పదే వాడే పొట్టి పేరు) ఉండేది. పేరు అన్‌ఇనీషియలైజ్డ్ వార్. కంపైలర్ దాన్ని చూసి ఏదో రాశారనుకుని ఊరుకునేది. నిజానికి ఏమీ రాయలేదు. 2020లో కీస్ కుక్ కెర్నల్‌లో అది ఉన్న ప్రతిచోటూ వెతికి తీసేశాడు. 5.9 వెర్షన్ నుంచి ఆ మాక్రో లేదు. అది నిజమైన లోపాల మీద ముసుగు కప్పుతోందన్నదే ఆయన చెప్పిన కారణం. అదే ఏడాది మే నెలలో టోర్వాల్డ్స్ మరో నిర్ణయం తీసుకున్నాడు. జీసీసీ ఇచ్చే 'బహుశా నింపలేదేమో' అనే హెచ్చరికను మామూలు బిల్డుల్లో మొత్తంగా ఆపేశాడు. అందులో తప్పుడువి మరీ ఎక్కువయ్యాయి. నా దృష్టిలో ఈ రెండు నిర్ణయాల మధ్య వైరుధ్యం లేదు. నమ్మలేని హెచ్చరికను అందరికీ తెలిసేలా ఒకచోట ఆపడం నిజాయితీ. దాని కోసం వందల చోట్ల కోడ్‌తో అబద్ధం చెప్పించడం ప్రమాదం.

కోడ్‌ను సవరించినప్పుడు కూడా తప్పు దారి పట్టడం ఎంత సులభమో 2009 నాటి సంగతి చెబుతుంది. లినక్స్ 2.6.30లో టన్ అనే డ్రైవర్ ఉంది. వీపీఎన్‌ల వంటివి వాడే కృత్రిమ నెట్‌వర్క్ పరికరం అది. అందులోని ఒక ఫంక్షన్‌లో రెండు పంక్తులు తారుమారయ్యాయి. మొదట ఒక పాయింటర్ (మెమరీలో చిరునామా పెట్టుకునే గడి) ద్వారా లోపలి విలువ తెచ్చుకున్నారు. ఆ తర్వాత ఆ పాయింటర్ ఖాళీగా ఉందా అని చూశారు. తలుపు తీసి లోపలికి వెళ్లాక తాళం ఉందా అని అడిగినట్టే ఇది. తేలిగ్గా తీసుకోకండి, అసలు కథ తర్వాత మొదలవుతుంది. జీసీసీ ఇలా తర్కించింది: పాయింటర్‌ను వాడేశారు కాబట్టి అది ఖాళీ అయ్యే ప్రసక్తి లేదు, ఇక ఖాళీగా ఉందా అన్న పరీక్ష అనవసరం. సీ భాష నియమాల ప్రకారం ఆ తర్కంలో తప్పు లేదు. కంపైలర్ ఆ పరీక్షను యంత్రభాషలో లేకుండా తీసేసింది. కోడ్ చదివితే పరీక్ష ఉంది. నడిచే కెర్నల్‌లో లేదు. బ్రాడ్ స్పెంగ్లర్ ఆ జులైలో దీన్ని వాడుకుని యంత్రం మీద పూర్తి అధికారం ఎలా సంపాదించవచ్చో చేసి చూపించాడు. దాని సీవీఈ (భద్రతాలోపాలకిచ్చే నమోదు సంఖ్య) 2009-1897. ఆ తర్వాత ఇలాంటి పరీక్షలను తీసెయ్యవద్దని కంపైలర్‌కు చెప్పే ఆప్షన్‌ను కెర్నల్ వాళ్లు చేర్చారు.

ఇలాంటి చోట టూల్ ఒకటే మాట చెబుతుంది: వాడాక పరీక్షిస్తున్నారు. దాన్ని ఆపడానికి రెండు సవరణలున్నాయి. పరీక్షను తీసెయ్యవచ్చు. లేదా వాడకాన్ని పరీక్ష కిందికి జరపవచ్చు. రెండింటితోనూ టూల్ నోరు మూస్తుంది. ఏది సరైనదో టూల్ చెప్పలేదు. ఆ పాయింటర్ ఎప్పుడైనా నిజంగా ఖాళీగా ఉండగలదా అన్న ప్రశ్నకు జవాబు కావాలి. టన్ విషయంలో ఉండగలదు. పరికరం ఫైలును తెరిచి, ఇంకా ఏ నెట్‌వర్క్‌కూ కలపకముందే దాన్ని విచారిస్తే పాయింటర్ ఖాళీగానే ఉంటుంది. కాబట్టి కిందికి జరపడమే సరైన సవరణ. అలాగే చేశారు. అదే చోట పరీక్ష దండగ అని తీసేసి ఉంటే రంధ్రం శాశ్వతమయ్యేది, టూల్ రిపోర్టు మాత్రం శుభ్రంగా ఉండేది.

మరో చోట పాయింటర్ ఎన్నటికీ ఖాళీ కాకపోవచ్చు. పిలిచే ఫంక్షన్లన్నీ ముందే చూసుకుని పంపిస్తుండవచ్చు. అక్కడ పరీక్షను తీసెయ్యడమే మేలు. 'పోనీ, ఉంటే నష్టమేముంది' అని ఉంచేస్తే తర్వాత చదివేవాళ్లు ఇది ఖాళీ కావచ్చు కాబోలు అనుకుంటారు. వాళ్ల కోడ్‌లోనూ అలాంటి పరీక్షలే పెడతారు. అక్కర్లేని జాగ్రత్త కోడ్ అంతా పాకుతుంది.

కెర్నల్‌కు బయటిదే అయినా ఒక పెద్ద ప్రమాదాన్ని ఇక్కడ చెప్పాలి. 2006లో డెబియన్ లినక్స్‌లో ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ (రహస్య తాళాలు తయారుచేసే లైబ్రరీ) మీద వాల్‌గ్రైండ్ అనే టూల్ ఒక హెచ్చరిక ఇచ్చింది. వాల్‌గ్రైండ్ నడుస్తున్న ప్రోగ్రాంను గమనించే టూల్, స్టాటిక్ టూల్ కాదు. కానీ పాఠం ఒకటే. నింపని మెమరీని వాడుతున్నారని అది చెప్పింది. దానికి కారణమైన పంక్తిని తొలగించారు. అచ్చం అలాంటి పంక్తే ఇంకోచోట ఉంటే దాన్నీ తొలగించారు. మొదటిది పోయినా పెద్ద నష్టం లేదు. రెండోది మాత్రం తాళానికి కావలసిన యాదృచ్ఛికతను (ఎవరూ ఊహించలేని విలువలను) కలిపే పంక్తి. అది పోవడంతో మిగిలింది ప్రాసెస్ నంబరు ఒక్కటే. అంటే గరిష్ఠంగా 32,768 అవకాశాలు. వాటన్నిటినీ ప్రయత్నించి చూడటం కంప్యూటర్‌కు చిటికెలో పని. మార్పు చేయకముందు ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ వాళ్లను అడిగారు కూడా. గట్టి అభ్యంతరం రాలేదు. లూసియానో బెల్లో కనిపెట్టాక, 2008 మే 13న లోకానికి తెలిసింది. అప్పటికి రెండేళ్లు గడిచాయి. డెబియన్, ఉబుంటు యంత్రాల మీద ఆ కాలంలో ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్‌తో తయారైన తాళాలన్నీ మార్చుకోవాల్సి వచ్చింది.

మంచిగా చేసిన పని కూడా ఉంది. సీ భాషలో స్విచ్ అనే నిర్మాణంలో ఒక కేసు పని అయ్యాక ఆపమని రాయకపోతే అమలు కింది కేసులోకి జారిపోతుంది. కొన్నిచోట్ల కావాలనే జారనిస్తారు. కొన్నిచోట్ల ఆపమని రాయడం మరిచిపోతారు. టూల్‌కు రెండూ ఒకటే. గుస్తావో సిల్వా కొన్నేళ్ల పాటు కెర్నల్‌లో అలాంటి చోట్లన్నీ ఒక్కొక్కటిగా చూశాడు. కావాలని వదిలిన చోట ఆ మాటే స్పష్టంగా రాశాడు. మరిచిపోయిన చోట లోపాన్ని సరిదిద్దాడు. ఆ పని పూర్తయ్యాక 2019లో 5.3 వెర్షన్‌లో ఆ హెచ్చరికను కెర్నల్ అంతటికీ తెరిచారు. తర్వాత ఫాల్‌త్రూ అనే ప్రత్యేక పదాన్నే తెచ్చారు. ఇక్కడ హెచ్చరిక ఆగింది ముసుగు వల్ల కాదు. టూల్‌కు తెలియని సంగతి ఒకటి కోడ్‌లో రాసిపెట్టడం వల్ల. ఆ సంగతి టూల్‌కే కాదు, రేపు చదివే మనిషికీ పనికొస్తుంది. హెచ్చరిక ఆపే ప్యాచ్ కొత్త నిజాన్ని చెబుతోందా, ఉన్న నిజాన్ని దాస్తోందా అని చూడటం రివ్యూయర్ చేతిలోని మొదటి గీటురాయి.

ఇది ఇప్పుడెందుకు ముఖ్యమైందంటే, ప్యాచ్ ప్రయాణం మారింది. 'ఫిక్సెస్' అనే ట్యాగ్‌తో వచ్చిన సవరణలు మూలకోడ్‌లో చేరాక స్టేబుల్ వెర్షన్లలోకి కూడా వెళ్తుంటాయి. అక్కడి నుంచి సర్వర్లకూ ఫోన్లకూ చేరతాయి. 2024 ఫిబ్రవరి నుంచి లినక్స్ కెర్నల్ బృందమే తన సీవీఈ సంఖ్యలు ఇచ్చుకుంటోంది. భద్రతకు సంబంధం ఉండే అవకాశమున్న ప్రతి సవరణకూ సంఖ్య ఇస్తున్నారు. ఆ సంఖ్యలు ఏటా వేలల్లో ఉంటున్నాయి. లేని లోపాన్ని సరిదిద్దానని ఒక ప్యాచ్ చెప్పుకుంటే, దానికి ఒక భద్రతాలోపం సంఖ్య పుట్టవచ్చు. అప్పుడు ఎన్నో కంపెనీల్లో ఉద్యోగులు కూర్చుని లేని లోపం కోసం యంత్రాలు అప్‌డేట్ చేస్తారు. దీనికి తోడు కృత్రిమ మేధ టూల్స్ వచ్చాయి. 2025లో షాన్ హీలన్ అనే పరిశోధకుడు ఓపెన్‌ఏఐ వారి ఓ3 చేత లినక్స్ కోడ్ చదివించాడు. తనకు ముందే తెలిసిన లోపాన్ని అది 100 ప్రయత్నాల్లో 8 సార్లు పట్టింది. తప్పుడు రిపోర్టులు అంతకంటే ఎక్కువ. అదే పరిశోధనలో ఎవరికీ తెలియని నిజమైన లోపం కూడా బయటపడింది. అంటే వచ్చే హెచ్చరికలు పెరుగుతాయి, వాటిని పనికిరావని తోసేయడానికీ వీల్లేదు. చదివి తేల్చే మనుషుల సంఖ్య మాత్రం అంతే ఉంది.

ఆ మనుషుల సమయం ఎంత విలువైనదో 2021 ఏప్రిల్‌లో తెలిసింది. మిన్నెసోటా విశ్వవిద్యాలయ పరిశోధకులు రివ్యూను పరీక్షించడానికి కావాలనే లోపాలున్న ప్యాచ్‌లు పంపారని అంతకుముందే బయటపడింది. ఆ తర్వాత అదే చోటు నుంచి, ఒక టూల్ చెప్పిందంటూ అర్థం లేని ప్యాచ్‌లు రావడంతో గ్రెగ్ క్రోవా-హార్ట్‌మన్ ఆ విశ్వవిద్యాలయం ప్యాచ్‌లు తీసుకోవడం ఆపేశాడు. అక్కడి నుంచి గతంలో వచ్చిన 435 ప్యాచ్‌లను మళ్లీ చదివారు. 349 సరిగ్గానే ఉన్నాయి. 39 తప్పుగా ఉన్నాయి, సరిదిద్దాల్సి వచ్చింది. దీని ఫలితంగా 2022లో కెర్నల్ పత్రాల్లో పరిశోధకులకు సూచనలు చేరాయి. అవి అడిగే ప్రశ్నలు సూటిగా ఉంటాయి. లోపం ఖచ్చితంగా ఏమిటి? నడుస్తున్న యంత్రంలో ఆ చోటికి ఎలా చేరతారు? చేరితే ఏమవుతుంది? ఏ టూల్‌తో కనిపెట్టారు? మీ మార్పు సరైనదని ఎందుకు నమ్ముతున్నారు? ఎలా పరీక్షించారు?

ఈ ప్రశ్నలు రివ్యూ చేసేవాళ్లకూ చాలు. వీటిలో రెండోది అన్నిటికన్నా కష్టం, అన్నిటికన్నా ముఖ్యం. ప్యాచ్ చూపించిన పది పంక్తులు చదివితే జవాబు దొరకదు. ఆ ఫంక్షన్‌ను ఎవరెవరు పిలుస్తారో, ఏ లాక్ (ఒకే సమాచారాన్ని ఇద్దరు ఒకేసారి మార్చకుండా వేసే గడియ) పట్టుకుని పిలుస్తారో వెళ్లి చూడాలి. స్పార్స్ హెచ్చరికలైతే ఇంకా జాగ్రత్త. యూజర్ ప్రోగ్రాం నుంచి వచ్చిన చిరునామాను కెర్నల్ నేరుగా నమ్మకూడదు. అందుకే ఆ చిరునామాలకు గుర్తు పెడతారు, కెర్నల్ చిరునామాలతో కలిపేస్తే స్పార్స్ అరుస్తుంది. 'ఫోర్స్' అనే మాట రాస్తే ఊరుకుంటుంది. ఒక ప్యాచ్‌లో కొత్తగా ఫోర్స్ కనిపిస్తే రివ్యూయర్ అక్కడే ఆగి, ఎందుకని అడగాలి.

'ఇది ఫాల్స్ పాజిటివ్' అన్న మాట కూడా ఒక వాదనే. దానికీ రుజువు కావాలి. పైన చెప్పిన కవరిటీ బృందం వ్యాసంలో ఇంకో అనుభవం ఉంది. అర్థంకాని నిజమైన లోపాలను కూడా జనం తప్పుడు హెచ్చరికలని కొట్టిపారేస్తారని వాళ్లు గమనించారు. రుజువు దొరికాక కోడ్ ఏమీ మార్చనక్కర్లేదని తేలితే, మార్చకుండా వదిలెయ్యడం కూడా మంచి రివ్యూయే.

చాళ్ల నుంచి ఈ రంగంలోకి వస్తున్న తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ ఒక మాట. కెర్నల్ ప్యాచ్‌లు అందరికీ కనిపించేలానే వస్తాయి. చదివి ప్రశ్న అడగడానికి ఉద్యోగం అక్కర్లేదు, ఎవరి అనుమతీ అక్కర్లేదు. నిజంగా చదివి తృప్తిపడితే 'రివ్యూడ్ బై' అని మీ పేరు రాయవచ్చు, అది కెర్నల్ చరిత్రలో నిలుస్తుంది. హెచ్చరికను ఆపే ప్యాచ్ పంపడం కన్నా ముందు, అలాంటి ప్యాచ్ ఒకటి తీసుకుని, ఆ ఫంక్షన్‌ను పిలిచే చోట్లన్నీ వెతికి, ఆ లోపం ఉందో లేదో రుజువుతో తేల్చి రాయండి. మెయింటైనర్లకు ఇప్పుడు కావలసింది అదే.